క్లస్టర్ నడిబొడ్డు గెలాక్సీ ఎదుగుదలను కొలవడం ఎలా: గుంటూరు, విజయవాడ పీజీ విద్యార్థులకు

గుంటూరు, విజయవాడ కాలేజీల్లో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివే పిల్లలు చివరి సెమిస్టర్ ప్రాజెక్టుకు ఖగోళశాస్త్రం తీసుకుంటామంటే, టెలిస్కోప్ లేకుండా ఏం చేస్తారన్న ప్రశ్నే ముందుగా ఎదురవుతుంది. నిజానికి పెద్ద టెలిస్కోపులు తీసిన చిత్రాలు, వర్ణపటాలు ఎవరైనా ఉచితంగా దించుకునేలా ఇంటర్నెట్‌లో ఉన్నాయి. ఎనిమిది జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్, ఓ మాదిరి నెట్ కనెక్షన్, పైథాన్‌తో కొద్దిపాటి పరిచయం ఉంటే చాలు. పాత రిపోర్టుకు కొత్త అట్ట వేసి బైండింగ్ చేయించే ఆనవాయితీతో పోలిస్తే ఇది శ్రమే గానీ, చేసినవారికి ఇంకా పూర్తిగా తేలని ఒక పరిశోధన ప్రశ్న చేతికి వస్తుంది. భారీ గెలాక్సీ క్లస్టర్ల నడిబొడ్డున ఉండే అత్యంత ప్రకాశవంతమైన గెలాక్సీ గత 500 కోట్ల సంవత్సరాల్లో ఎంత ఎదిగింది, దేన్ని కలుపుకొని ఎదిగింది అన్నదే ఆ ప్రశ్న.

ఏం కొలుస్తున్నామో ముందు తెలియాలి

గురుత్వాకర్షణతో కట్టుబడి ఉన్న వందల, ఒక్కోసారి వేల గెలాక్సీల సముదాయాన్ని క్లస్టర్ అంటారు. దాని మొత్తం ద్రవ్యరాశి సూర్యుడికి కోటి కోట్ల రెట్ల నుంచి పది కోట్ల కోట్ల రెట్ల దాకా ఉంటుంది. అందులో ఎనభై శాతానికి పైగా కృష్ణ పదార్థమే. మిగిలినదాంట్లో సింహభాగం, కోట్ల డిగ్రీల వేడిలో ఎక్స్‌కిరణాలు వెదజల్లే పలుచని వాయువు. నక్షత్రాల వాటా కొద్ది శాతమే. ఆ కొద్ది శాతంలో ఒకే ఒక్క గెలాక్సీ లక్ష కోట్ల సూర్యుళ్ల ద్రవ్యరాశి దాకా పోగుచేసుకొని, సాధారణంగా క్లస్టర్ మధ్యలో కూర్చుని ఉంటుంది. పరిశోధకులు దీన్ని బ్రైటెస్ట్ క్లస్టర్ గెలాక్సీ అని, క్లుప్తంగా బీసీజీ అని పిలుస్తారు. పెర్సియస్ క్లస్టర్‌లోని ఎన్‌జీసీ 1275, ఏబెల్ 2029 లోని ఐసీ 1101 ఇలాంటివే.

బీసీజీ వయసు ఎంత అని అడిగినప్పుడు రెండు వేర్వేరు ప్రశ్నలు కలగాపులగం అవుతుంటాయి. దానిలోని నక్షత్రాలు ఎప్పుడు పుట్టాయన్నది ఒకటి. ఆ నక్షత్రాలన్నీ ఈ ఒక్క గెలాక్సీలోకి ఎప్పుడు చేరాయన్నది రెండోది. ప్రకాశం బ్యారేజీ దగ్గర నిలిచిన నీరు ఏ నెలలో వానగా కురిసిందో, ఏ వాగుల గుండా ఎప్పుడు కృష్ణలో కలిసిందో వేర్వేరు లెక్కలైనట్టే ఇక్కడా రెండు లెక్కలు విడివిడిగా వేయాలి. 2007లో డి లూసియా, బ్లెజో అనే ఇద్దరు పరిశోధకులు సిమ్యులేషన్ ఆధారంగా ఇదే విషయం తేల్చి చెప్పారు. బీసీజీ నక్షత్రాల్లో ఎనభై శాతం రెడ్‌షిఫ్ట్ (విశ్వం విస్తరించడం వల్ల కాంతి తరంగం ఎంత సాగిందో చెప్పే సంఖ్య; అది పెరిగేకొద్దీ దూరం, గతం పెరుగుతాయి) 3 నాటికే, అంటే వెయ్యి కోట్లకు పైగా సంవత్సరాల క్రితమే, చిన్న చిన్న గెలాక్సీల్లో పుట్టేశాయి. కానీ ఇప్పటి ద్రవ్యరాశిలో సగం ఒకే గెలాక్సీగా సమకూడింది మాత్రం రెడ్‌షిఫ్ట్ 0.5 తరువాతే. రంగు, వర్ణపటం మొదటి లెక్కను చెబుతాయి. ద్రవ్యరాశి, పరిమాణం రెండో లెక్కను చెబుతాయి. మన ప్రాజెక్టు ప్రధానంగా రెండోదాని గురించి.

ఈ సమకూడడం వెనక పనిచేసే భౌతికశాస్త్రాన్ని మన చంద్రశేఖర్ 1943లోనే సూత్రీకరించారు. నక్షత్రాల గుంపు గుండా సాగిపోయే బరువైన వస్తువు, తన వెనక ఉన్న వాటిని తనవైపు లాక్కొని, ఆ లాగుడు వల్లే తానూ వేగం కోల్పోతుంది. దీనినే గతిక ఘర్షణ అంటారు. వస్తువు ఎంత బరువైతే వేగం అంత త్వరగా తగ్గుతుంది కాబట్టి, క్లస్టర్‌లోకి వచ్చిన పెద్ద గెలాక్సీలు ముందుగా కేంద్రానికి జారి బీసీజీలో లీనమవుతాయి, చిన్నవి మిగిలిపోతాయి. 1975లో ఆస్ట్రైకర్, ట్రెమైన్ ఈ సూత్రాన్నే క్లస్టర్లకు అన్వయించి, ఒక గెలాక్సీ మరొకదాన్ని మింగే ప్రక్రియగా వర్ణించారు. అయితే పెద్ద క్లస్టర్‌లో గెలాక్సీలు సెకనుకు సుమారు వెయ్యి కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంటాయి. అంత వేగంలో రెండు ఎదురుపడినా కలిసిపోవడం అరుదు. అందువల్ల పెద్ద విలీనాలు చాలావరకు, క్లస్టర్ ఇంకా చిన్న చిన్న గుంపులుగా, నిదానమైన వేగాలతో ఉన్న రోజుల్లోనే జరిగాయని అనుకోవాలి.

క్లస్టర్లను ఎంచుకోవడం

జార్జ్ ఏబెల్ 1958లో ఫొటోగ్రాఫిక్ పలకలను కంటితో జల్లెడ పట్టి 2712 క్లస్టర్ల జాబితా తయారు చేశాడు. చరిత్రగా అది చదవదగ్గదే గానీ, మన లెక్కలకు అందులో రెడ్‌షిఫ్ట్ వ్యాప్తి చాలదు. ఆకాశంలో పెద్ద భాగాన్ని చిత్రించిన స్లోన్ డిజిటల్ స్కై సర్వే చిత్రాల నుంచి కంప్యూటర్ వెతికి తీసిన రెడ్‌మాపర్ జాబితా ఇందుకు తగినది. అందులో రెడ్‌షిఫ్ట్ 0.08 నుంచి 0.55 దాకా పాతికవేలకు పైగా క్లస్టర్లు ఉన్నాయి. ప్రతి క్లస్టర్‌కూ రిచ్‌నెస్ అనే సంఖ్య ఇస్తారు. ఎర్రని సభ్య గెలాక్సీల లెక్క నుంచి వచ్చే ఈ సంఖ్య, క్లస్టర్ ద్రవ్యరాశికి ఉజ్జాయింపు కొలత. జాబితాను టాప్‌క్యాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే, కోడ్ రాయకుండానే వడకట్టవచ్చు.

ఇక్కడే అసలు మెలిక ఉంది. రెడ్‌షిఫ్ట్ 0.35 దాటాక చిన్న క్లస్టర్లు ఈ జాబితాకు అందవు. దూరంలో కనిపించేవన్నీ పెద్దవే. దగ్గరివి అన్నీ తీసుకొని, దూరంవి ఉన్నంతలో తీసుకొని సగటు వేస్తే, ఒకప్పటి బీసీజీలే నేటివాటి కంటే పెద్దవన్న వింత ఫలితం వస్తుంది. సరే, రెండు వైపులా ఒకే రిచ్‌నెస్ పెడదామంటే అదీ పూర్తిగా సరికాదు, ఎందుకంటే క్లస్టర్లు కూడా కాలంతో ఎదుగుతాయి. రెడ్‌షిఫ్ట్ 0.5 నుంచి 0.1 వచ్చేసరికి ఒక భారీ క్లస్టర్ ద్రవ్యరాశి దాదాపు ఒకటిన్నర రెట్లు అవుతుంది. కాబట్టి దూరపు క్లస్టర్‌కు వారసుడు దగ్గర్లో ఉన్న, అంతకంటే ఒకటిన్నర రెట్ల బరువైన క్లస్టర్ అని భావించి జత కలపాలి. క్లస్టర్ పది రెట్లు బరువైతే బీసీజీ బరువు సుమారు రెండు, రెండున్నర రెట్లే పెరుగుతుంది కాబట్టి ఈ సవరణ ప్రభావం మరీ పెద్దది కాదు. కానీ మనం వెతుకుతున్న ఎదుగుదల కూడా అంతే చిన్నది. నా ఉద్దేశంలో ఈ ప్రాజెక్టు మంచి చెడ్డలు తొంభై శాతం ఈ జతలు కలపడంలోనే తేలిపోతాయి. తరువాతి కోడ్ ఎంత అందంగా రాసినా ఇక్కడి పొరపాటును దిద్దలేదు.

ఆచరణలో రెడ్‌షిఫ్ట్‌ను మూడు అంచెలుగా విడదీయండి: 0.1 చుట్టుపక్కల, 0.3 చుట్టుపక్కల, 0.5 చుట్టుపక్కల. కాంతి బయలుదేరిన కాలం వరుసగా సుమారు 130 కోట్లు, 340 కోట్లు, 500 కోట్ల సంవత్సరాల క్రితం. ఈ లెక్కలు నెడ్ రైట్ రూపొందించిన కాస్మాలజీ కాలిక్యులేటర్‌లో గానీ, పైథాన్‌లోని ఆస్ట్రోపైలో గానీ క్షణాల్లో వస్తాయి. ఒక్కో అంచెకు యాభై చొప్పున క్లస్టర్లు సరిపోతాయి. వేలకొద్దీ తీసుకుంటే ఒక్కొక్క చిత్రాన్నీ కంటితో చూసే ఓపిక ఎవరికీ ఉండదు, చూడకుండా ముందుకు పోకూడదు.

నడిమి గెలాక్సీ ఏదో తేల్చుకోవడం

అత్యంత ప్రకాశవంతమైనదే మధ్యలో ఉంటుందని పేరును బట్టి అనిపిస్తుంది, అన్నిసార్లూ అలా ఉండదు. మనకు అతి దగ్గరి పెద్ద క్లస్టర్ అయిన వర్గోలో, దాదాపు 5.5 కోట్ల కాంతి సంవత్సరాల దూరాన, కేంద్రంలో కూర్చున్నది ఎం87. 2019లో ఈవెంట్ హొరైజన్ టెలిస్కోప్ బృందం ఫొటో విడుదల చేసిన 650 కోట్ల సూర్యుళ్ల బరువున్న కృష్ణబిలం దానిదే. కానీ ప్రకాశంలో దానికంటే కాస్త పైన ఉన్నది అదే క్లస్టర్‌లోని ఎం49. కోమా క్లస్టర్‌లో ఎన్‌జీసీ 4889, ఎన్‌జీసీ 4874 అనే రెండు పెద్ద గెలాక్సీలు పోటాపోటీగా ఉన్నాయి. రెండు క్లస్టర్లు కలిసిన ఆనవాలు ఇంకా చెరిగిపోలేదన్నమాట. రెడ్‌మాపర్ ప్రతి క్లస్టర్‌కూ కేంద్రానికి ఐదుగురు అభ్యర్థులను, ఒక్కోదాని సంభావ్యతను ఇస్తుంది. మొదటి అభ్యర్థి సంభావ్యత 0.9 కంటే తక్కువ ఉన్న క్లస్టర్లను విడిగా పెట్టుకుని, ఆకాశ చిత్రాలను బ్రౌజర్‌లోనే చూపే లెగసీ సర్వే వ్యూయర్‌లో ఒక్కొక్కటీ తెరిచి చూడండి.

ఆ వ్యూయర్‌లో ఏబెల్ 2029 అని టైపు చేసి చూడటం మంచి సాధన. చుట్టూ చిన్న చిన్న పసుపు చుక్కల మధ్య, ఒకవైపు సాగిన కోడిగుడ్డు ఆకారంలో పసుపు నారింజ కాంతి కనిపిస్తుంది. నడిమి భాగం గట్టిగా మెరుస్తూ, బయటికి పోయేకొద్దీ పలుచబడుతుంది; ఎక్కడా గీత గీసినట్టు ఆగదు. మౌస్‌తో దూరంగా జరిపి మళ్లీ దగ్గరికి తెస్తే, మొదటిసారి ఖాళీ ఆకాశం అనుకున్న చోట కూడా సన్నని పొగలాంటి వెలుగు ఉన్నట్టు గమనిస్తారు. ఐసీ 1101 విశ్వంలోకెల్లా పెద్ద గెలాక్సీ అంటూ యూట్యూబ్ వీడియోలు లక్షల కాంతి సంవత్సరాల వెడల్పు చెబుతుంటాయి. ఒక్కో చోట ఒక్కో సంఖ్య ఉండటానికి కారణం ఈ అంచు లేనితనమే. ఎక్కడ ఆపాలో మనమే నిర్ణయించుకోవాలి, ఆపిన చోటు రిపోర్టులో రాయాలి.

ప్రకాశంలో మొదటి గెలాక్సీకి, రెండో గెలాక్సీకి మాగ్నిట్యూడ్‌లో (ప్రకాశాన్ని చెప్పే ఖగోళ కొలమానం) ఎంత తేడా ఉందో కూడా ఈ దశలోనే రాసిపెట్టుకోండి. తేడా రెండు మాగ్నిట్యూడ్లు దాటితే, పోటీదారులను బీసీజీ ఎప్పుడో కలుపుకొందని, ఆ సముదాయం తొందరగా స్థిరపడిందని అర్థం. తేడా స్వల్పమైతే క్లస్టర్ ఇంకా కూడుకుంటూ ఉండవచ్చు.

కాంతిని కొలవడం

స్లోన్ జాబితాలో ప్రతి గెలాక్సీకీ మాగ్నిట్యూడ్లు సిద్ధంగా ఉంటాయి, వాటినే వాడేసుకోవాలన్న ఆశ కలుగుతుంది. బీసీజీల విషయంలో ఆ సంఖ్యలు నమ్మదగ్గవి కావు. ఆటోమేటిక్ సాఫ్ట్‌వేర్, గెలాక్సీ చుట్టూ విస్తరించిన పలుచని వెలుగును ఆకాశపు నేపథ్యంగా పొరబడి తీసేస్తుంది. గెలాక్సీ ఎంత పెద్దగా కనిపిస్తే నష్టం అంత ఎక్కువ. దగ్గరి బీసీజీలు పెద్దగా కనిపిస్తాయి కాబట్టి ఈ దోషం దగ్గరివాటినే ఎక్కువగా తగ్గించి చూపుతుంది, అంటే కాలంతో వచ్చిన ఎదుగుదలను సరిగ్గా చెరిపేస్తుంది.

అందువల్ల చిత్రాలు దించుకుని, పైథాన్‌లో కాంతిని కొలిచే ఫొటూటిల్స్‌తో స్వయంగా కొలవండి. అన్ని రెడ్‌షిఫ్ట్‌లలోనూ ఒకే భౌతిక పరిమాణం ఉన్న వృత్తం తీసుకోవాలి. 50 కిలోపార్సెక్కులు, అంటే సుమారు 1.6 లక్షల కాంతి సంవత్సరాల వ్యాసార్ధం అనుకుందాం. రెడ్‌షిఫ్ట్ 0.1 దగ్గర అది ఆకాశంలో 27 ఆర్క్‌సెకన్లు (ఒక ఆర్క్‌సెకన్ అంటే డిగ్రీలో 3600వ వంతు), 0.3 దగ్గర 11, 0.5 దగ్గర 8 మాత్రమే. నేపథ్యాన్ని అంచనా వేసే వలయం దీనికి చాలా దూరంగా, కనీసం ఐదారు రెట్ల వ్యాసార్ధంలో ఉండాలి. పక్కనున్న గెలాక్సీలను, ముందున్న నక్షత్రాలను మాస్క్ చేయకుండా, అంటే లెక్కలోంచి తప్పించకుండా, కూడితే వచ్చేది బీసీజీ కాంతి కాదు.

రెడ్‌షిఫ్ట్ పెరిగేకొద్దీ ఉపరితల ప్రకాశం, ఒకటికి రెడ్‌షిఫ్ట్ కలిపి నాలుగో ఘాతం వేసినంత తగ్గుతుందని గుర్తుంచుకోండి, 0.5 దగ్గర అది ఐదు రెట్లు, 1 దగ్గర పదహారు రెట్లు. దూరపు బీసీజీ చిన్నగా ఉన్నట్టు కనిపిస్తే, అది నిజంగా చిన్నదా, లేక బయటి పొర చీకట్లో కలిసిపోయిందా అన్నది తేల్చాకే పరిమాణం గురించి మాట్లాడాలి. దగ్గరి బీసీజీ చిత్రాన్ని కంప్యూటర్‌లో ఐదు రెట్లు మసకపరచి, సాగిన కోణాన్ని కుదించి, అదనపు నాయిస్ కలిపి మళ్లీ కొలిస్తే ఈ సంగతి తేలుతుంది. ఈ పరీక్ష తప్పక చేయండి. వైవా పరీక్షకులు అడిగే మొదటి ప్రశ్నకు ఇదే జవాబు.

కాంతిని ద్రవ్యరాశిగా మార్చేటప్పుడు రెండు సవరణలు తప్పనిసరి. ముదురు నక్షత్రాల వర్ణపటంలో 4000 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర ఒక మెట్టు ఉంటుంది; రెడ్‌షిఫ్ట్ 0.5 వచ్చేసరికి అది 6000కు జరిగి స్లోన్ ఆర్ ఫిల్టర్ పరిధిలోకి వస్తుంది. కాబట్టి ఒకే ఫిల్టర్‌లో దగ్గరి, దూరపు గెలాక్సీలను నేరుగా పోల్చడం కుదరదు, ఈ జరుగుదలను సరిదిద్దే కే కరెక్షన్ చేయాలి. రెండోది, కొత్త నక్షత్రాలు పుట్టని గెలాక్సీ ఊరికే ఉన్నా కాలంతో మసకబారుతుంది. అంతే నక్షత్రాలున్న గెలాక్సీ రెడ్‌షిఫ్ట్ 0.5 నాడు సుమారు అర మాగ్నిట్యూడ్, అంటే దాదాపు 1.6 రెట్లు ఎక్కువ ప్రకాశంగా ఉండేది. బీసీజీలన్నిటి ప్రకాశం ఇంచుమించు ఒకటేనని నమ్మి వాటినే దూరం కొలిచే ప్రమాణాలుగా వాడిన తరం ఖగోళ శాస్త్రజ్ఞులను బాగా ఇబ్బంది పెట్టింది ఈ మసకబారడమూ, విలీనాలతో వచ్చే పెరుగుదలా ఒకదాన్నొకటి కొట్టేసుకోవడమే. ఈజీగాల్ లాంటి ఉచిత ప్రోగ్రాములో, రెడ్‌షిఫ్ట్ 3 దగ్గర ఒకేసారి పుట్టిన నక్షత్రాల నమూనా తీసుకుంటే రెండు సవరణలూ ఒకేసారి వస్తాయి.

నడిమి వాయువు మాట

క్లస్టర్ కేంద్రంలోని వేడి వాయువు ఎక్స్‌కిరణాల రూపంలో శక్తిని పోగొట్టుకుంటూ వంద కోట్ల సంవత్సరాల లోపే చల్లబడాలి. చల్లబడితే బీసీజీలో ఏడాదికి వందల సూర్యుళ్లంత కొత్త నక్షత్రాలు పుట్టాలి. చాలా క్లస్టర్లలో అందులో పదో వంతు కూడా కనిపించదు. చంద్రశేఖర్ పేరు పెట్టుకున్న చంద్ర ఎక్స్‌కిరణ టెలిస్కోప్, 1999లో నింగికెక్కాక, దీనికి కారణం చూపింది: బీసీజీ కృష్ణబిలం దగ్గర నుంచి మహా వేగంగా చిమ్మే ప్రవాహాలు, అంటే జెట్‌లు, వాయువులో పెద్ద పెద్ద బుడగలను ఊది, వేడిని తిరిగి నింపుతున్నాయి. ఎన్‌జీసీ 1275 చుట్టూ ఆ బుడగలు స్పష్టంగా కనిపిస్తాయి. ఫీనిక్స్ క్లస్టర్ మాత్రం, రెడ్‌షిఫ్ట్ 0.6 దగ్గర, ఈ కట్టడిని తప్పించుకుని ఏడాదికి వందల సూర్యుళ్లంత నక్షత్రాలను పుట్టిస్తోంది.

మీ జాబితాలో ఇలాంటివి ఏవో పట్టుకోవడానికి స్లోన్ వర్ణపటాలు చాలు. హైడ్రోజన్ ఆల్ఫా రేఖ 6563 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర మొదలై, రెడ్‌షిఫ్ట్ 0.1 దగ్గర 7219కి జరుగుతుంది; అక్కడ పైకి లేచిన రేఖ ఉంటే కేంద్రంలో చల్లని వాయువు ఉన్నట్టు. స్లోన్ తొలి వర్ణపటాలు తీసిన ఫైబర్ వ్యాసం మూడు ఆర్క్‌సెకన్లే కాబట్టి అది గెలాక్సీ నడిమి పద్దెనిమిది వేల కాంతి సంవత్సరాలను మాత్రమే చూస్తుంది. బయటి పొర గురించి దానితో ఏమీ చెప్పకండి. రేఖలున్న బీసీజీలను వేరే గుర్తుతో గ్రాఫ్‌లో పెడితే సరిపోతుంది.

గ్రాఫ్ గీశాక

ప్రతి అంచెలోని ద్రవ్యరాశుల మధ్యమాన్ని, బూట్‌స్ట్రాప్‌తో (ఉన్న నమూనా నుంచే పదే పదే మళ్లీ ఎంచుకుని లెక్కించే పద్ధతి) తీసిన దోష పరిధితో కలిపి, కాలానికి ఎదురుగా గీయండి. రెట్టింపు కాకపోతే ఏదో తప్పు జరిగిందని కంగారు పడకండి. 2012లో లిడ్‌మన్ బృందం రెడ్‌షిఫ్ట్ 0.9 నుంచి 0.2 మధ్య బీసీజీలు సుమారు 1.8 రెట్లు ఎదిగాయని చూపింది; అంతకు మూడేళ్ల ముందు కాలిన్స్ బృందం, అంతకంటే పాత కాలంలోనే బీసీజీలు దాదాపు పూర్తి ద్రవ్యరాశికి చేరాయని ప్రకటించింది. నమూనా ఎంపిక, కాంతి కొలిచే పద్ధతి మారితే ఫలితం ఇంతగా మారుతుంది. మీరు తీసుకున్న 0.5 నుంచి 0.1 వ్యవధిలో కొన్ని పదుల శాతం ఎదుగుదల వచ్చినా, దోష పరిధి దాన్ని మింగేసేంత ఉన్నా, పద్ధతి సరిగా రాస్తే అది ఫలితమే.

పరిమాణం కూడా కొలిచి ఉంటే ఇంకో ఆధారం దొరుకుతుంది. సమాన బరువున్న రెండు గెలాక్సీలు కలిస్తే వ్యాసార్ధం ద్రవ్యరాశితో సమంగా పెరుగుతుంది. చిన్న చిన్నవి ఎన్నో వచ్చి చేరితే వ్యాసార్ధం ద్రవ్యరాశి వర్గానికి దగ్గరగా పెరుగుతుంది. గ్రాఫ్‌లో వాలు ఒకటికి దగ్గరా, రెండుకి దగ్గరా అన్నది చూస్తే బీసీజీ దేన్ని కలుపుకొందో అంచనా వేయవచ్చు. బయటి భాగం నడిమి భాగం కంటే కాస్త నీలంగా ఉంటే, లోహాలు (ఖగోళశాస్త్రంలో హీలియం కంటే బరువైన మూలకాలన్నీ) తక్కువగా ఉన్న చిన్న గెలాక్సీలు అక్కడ చేరాయన్న వాదనకు బలం పెరుగుతుంది.

మింగిన గెలాక్సీ నక్షత్రాలన్నీ బీసీజీకి దక్కవు. వాటిలో గణనీయమైన భాగం చెదిరిపోయి, ఏ గెలాక్సీకీ చెందకుండా క్లస్టర్ అంతటా తేలే వెలుగుగా మిగులుతుంది. కోమాలో ఈ వెలుగును ఖగోళ శాస్త్రజ్ఞుడు జ్విక్కీ 1951లోనే గుర్తించాడు. క్లస్టర్ మొత్తం నక్షత్ర కాంతిలో ఇది పది నుంచి ముప్పై శాతం దాకా ఉంటుందని చాలా కొలతలు చెబుతున్నాయి. 50 కిలోపార్సెక్కుల వృత్తంతో పాటు 100 కిలోపార్సెక్కుల వృత్తంలో కూడా కొలిచి, రెండిటి నిష్పత్తి కాలంతో ఎలా మారిందో చూడండి. ఎదుగుదల లోపలి కంటే బయటి వలయంలో ఎక్కువగా కనబడితే ఆశ్చర్యం లేదు.

సమయం మిగిలితే, గెలాక్సీల ఎదుగుదలను కంప్యూటర్‌లో అనుకరించిన ఇలస్ట్రిస్ టీఎన్‌జీ సిమ్యులేషన్ డేటాను ఉచిత అకౌంటుతో తెరిచి, అందులో టీఎన్‌జీ300 అనే భాగంలోని పెద్ద క్లస్టర్లలో కొన్నిటి విలీన వృక్షాలను (ఏ గెలాక్సీ ఎప్పుడు దేనిలో కలిసిందో చూపే వంశవృక్షాలు) వెనక్కి అనుసరించండి. ఆకాశంలో ఏ బీసీజీ దేనికి పూర్వరూపమో ఊహించే జత కలిపాం; సిమ్యులేషన్‌లో ఒకే గెలాక్సీని ఆది నుంచి పట్టుకుని రావచ్చు. అక్కడ కూడా అదే 50 కిలోపార్సెక్కుల హద్దు వాడాలి, లేకపోతే పోలిక చెల్లదు. 2023లో ప్రయోగించిన యూక్లిడ్ టెలిస్కోప్ తొలి చిత్రాల్లో పెర్సియస్ క్లస్టర్ ఉంది. ఆ చిత్రాలు చూసి మీ 100 కిలోపార్సెక్కుల వృత్తం ఎంత చిన్నదో అంచనా వేసుకుని, తరువాతి బ్యాచ్ వాళ్లకు ఎంత వ్యాసార్ధం దాకా కొలవమని సూచిస్తారో రిపోర్టు చివరి అధ్యాయంలో రాయండి.